బానెట్ కింది వేడి – మన ఎండల్లో టర్బో బండి

(ట్రస్టు విద్యార్థి వేతనాల పంపిణీ సందర్భంగా తుకుంలో జరిగిన సభలో, గని వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ప్రచురిస్తున్నాం.)



విద్యార్థులకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పమని పెద్దలు నన్ను అడిగారు. కష్టపడి చదవండి, క్రమశిక్షణతో మెలగండి అనే మాటలు మీ ఉపాధ్యాయులు నాకంటే బాగా చెప్పగలరు. నేను ముప్పై ఏళ్లు గని వర్క్‌షాపులో డంపర్ల ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణి. నాకు తెలిసింది ఇనుము, ఆయిలు, వేడి. అందుకని ఈ రోజు ఒకే ఒక విషయం మాట్లాడతాను: టర్బో ఉన్న కారులో బానెట్ కింద పుట్టే వేడి ఏమవుతుంది, దాన్ని ఎలా అదుపులో ఉంచాలి. ఈ సభలో కూర్చున్న కుటుంబాల్లో చాలామందికి ఆ బండే జీవనాధారం. కిరాయికి తిప్పేవారున్నారు, గనికి సిబ్బందిని చేరవేసేవారున్నారు. ఆ బండి ఆగితే ఆ నెల ఇల్లు ఆగుతుంది. పిల్లలకైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంజినీరింగ్ దాకా చదివే భౌతికశాస్త్రం మొత్తం ఆ బానెట్ కిందే కనిపిస్తుంది.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

తుకుంలో మేడ ఎక్కి చూస్తే ఉష్ణ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 2,920 మెగావాట్ల కేంద్రం అది. అక్కడ కాల్చే బొగ్గులోని శక్తిలో సుమారు మూడో వంతే కరెంటుగా మారుతుంది. మిగతాది పొగగొట్టం గుండా గాలిలోకి, కూలింగ్ టవర్ల గుండా ఆవిరిగా పోతుంది. ఇరై డ్యాం నీళ్లు అంత పెద్దమొత్తంలో అక్కడికి వెళ్లేది ప్రధానంగా ఆ వేడిని వదిలించుకోవడానికే.

మీ కారు కూడా ఒక చిన్న ఉష్ణ విద్యుత్ కేంద్రమే. ట్యాంకులో పోసిన డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు, మంచి డీజిల్ ఇంజనైతే నలభై శాతం దాకా, చక్రాలను తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ దారిన పొగతో పోతుంది. మిగిలింది రేడియేటర్ ద్వారా, ఇంజన్ ఒంటి మీద నుంచి బయటికి పోవాలి. వేడిని ఎవరూ మాయం చేయలేరు. దానికి దారి చూపించడమే మనం చేయగలిగింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, వేడి కూడా అంతే. ఎక్కువ వేడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. దారి మూసుకుపోతే ఉన్న చోటనే నిలిచి, అక్కడి వస్తువును పాడుచేస్తుంది.

టర్బో అంటే ఏమిటి?

సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగను ఉపయోగించుకోవాలన్న ఆలోచనే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఆలోచన పెద్ద ఎత్తున ఫలించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల మధ్యలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజన్లకు టర్బో బిగిస్తే 1,750 హార్స్‌పవర్ ఇంజన్ 2,500 హార్స్‌పవర్ ఇచ్చింది. ఇంజన్ పరిమాణం పెరగలేదు, లోపలికి వెళ్లే గాలి పెరిగింది.

ఒక ఇరుసుకు రెండు కొసల్లో రెండు చిన్న చక్రాలు ఉంటాయనుకోండి. ఒక కొసన ఉన్న చక్రాన్ని వేడి పొగ తిప్పుతుంది. దాంతో పాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది. కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. డీజిల్ బండిలో టర్బోలోకి వచ్చే పొగ 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, పెట్రోలు బండిలో 900 కూడా దాటుతుంది. అంత వేడిలో అంత వేగంగా తిరిగే ఇరుసును పట్టి ఉంచేది పలుచని ఆయిల్ పొర. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీని అవసరం పడుతుంది.

కార్లలో టర్బో తొలిసారి అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. వాటిలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు కథ మన విద్యార్థులు తెలుసుకోవాలి. టర్బో ఒత్తిన గాలి బాగా వేడెక్కి ఇంజన్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలకుండా, ఆ ఇంజనీర్లు నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చల్లే ఏర్పాటు చేశారు. దానికి వేరే ట్యాంకు, ఆ ట్యాంకును యజమాని నింపుకోవాలి. చాలామంది నింపలేదు. ద్రవం అయిపోతే బండి తన శక్తిని తానే తగ్గించుకునేది. ఫిర్యాదులు పెరిగి, చివరికి కోరిన యజమానులకు కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. 1963 తర్వాత ఆ కారు ఆగిపోయింది. యంత్రం లెక్క సరిగానే ఉంది, దాన్ని వాడే మనిషి అలవాటు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. రేపు మీలో ఎవరైనా ఏదైనా తయారుచేసేటప్పుడు ఈ సంగతి మరవకండి.

మన దేశంలో 2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్ లాంటి బండ్లతో టర్బో మన వీధుల్లోకి వచ్చేసింది. 2017లో నెక్సాన్ వచ్చేనాటికి మామూలు కుటుంబాలు కొనే చిన్న పెట్రోలు బండ్లకు కూడా టర్బో అలవాటైంది.

మన ఎండ లెక్క

చంద్రపూర్‌లో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు, 47, 48 కూడా చూశాం. ఈ ఎండ బండిని ఎలా దెబ్బతీస్తుందో రెండు చిన్న లెక్కలతో చూద్దాం. పిల్లలు నోటుబుక్కులో రాసుకోండి.

మొదటి లెక్క రేడియేటర్‌ది. ఇళ్లలో గడ్డి కూలర్ నీళ్లను ఆవిరి చేస్తుంది కాబట్టి బయటి గాలి కంటే చల్లని గాలి ఇవ్వగలదు. రేడియేటర్ అలా చేయలేదు. దాని లోపలి కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీదనే అది వదిలించే వేడి ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీలు ఉందనుకోండి. చలికాలం ఉదయం గాలి 25 డిగ్రీలుంటే తేడా 70. మే నెల మధ్యాహ్నం గాలి 47 ఉంటే తేడా 48 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాను, అదే వేగంలో వదిలించగల వేడి దాదాపు 31 శాతం తగ్గిపోయింది. చలికాలంలో రేడియేటర్ రెక్కలు పావు వంతు దుమ్ముతో మూసుకుపోయినా బండి నడిచిపోతుంది. మే నెలలో అదే బండి ముల్లు ఎరుపులోకి పోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉండె, ఒక్కసారే ఏమైంది?" అని అడుగుతారు. ఒక్కసారిగా ఏమీ కాలేదు. చలికాలం ఆ లోపాన్ని కప్పిపుచ్చింది, అంతే.

రెండో లెక్క టర్బోది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కడం మీరు చూసే ఉంటారు. 45 డిగ్రీల గాలిని, అంటే 318 కెల్విన్ గాలిని, టర్బో రెండింతల పీడనానికి ఒత్తిందనుకుందాం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. అంటే గాలి దాదాపు 145 డిగ్రీలకు చేరింది. వేడి గాలి పలుచన, అందులో ఆక్సిజన్ తక్కువ. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ అనే ఇంకో రేడియేటర్ పెడతారు. అది ఆ గాలిని 65 డిగ్రీలకు దించితే, పీడనంలో వచ్చే చిన్న నష్టాన్ని పక్కన పెడితే, గాలి సాంద్రత సుమారు 24 శాతం పెరుగుతుంది. ఒత్తి పంపిన శ్రమకు ఫలితం దక్కేది అప్పుడే.

అదే గాలిని బయటి నుంచి కాక బానెట్ కింది వేడి గాలి నుంచి పీలిస్తే? ఎయిర్ ఫిల్టర్‌కు వచ్చే పైపు ఊడిపోతే జరిగేది అదే. 45 బదులు 70 డిగ్రీల గాలి లోపలికి పోతే, మొదట్లోనే 7 శాతం గాలి తగ్గిపోయింది. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, దాంతో ఇంకా వేడి. ఇరవై రూపాయల క్లిప్పు ఊడిపోవడం నుంచి మొదలయ్యే బాధ ఇది.

వేడి మూడు దారులు

వేడి ప్రయాణించే దారులు మూడని పాఠాల్లో చదివారు: వహనం, సంవహనం, వికిరణం. ఈ మూడూ బానెట్ కింద పని చేస్తూనే ఉంటాయి.

వహనం అంటే లోహం గుండా వేడి పాకడం. రేడియేటర్ గొట్టాలు, రెక్కలు ఈ పని చేస్తాయి. ఇక్కడ శత్రువు లోపల పట్టే పొర. కూలర్ గడ్డికి, నీళ్లు కాచే గిన్నె అడుగుకు తెల్లటి పొర పట్టడం చూశారు కదా. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ లోపల కూడా అదే పడుతుంది. అల్యూమినియంతో పోలిస్తే ఆ పొరలో వేడి నూరో వంతు కూడా సులభంగా పాకదు. కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను, చెప్పిన పాళ్లలో, డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే కలపండి. కూలెంట్ చలిప్రాంతాల వాళ్లకే అవసరం అనుకోకండి. అది నీటి మరిగే స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది.

సంవహనం అంటే గాలి కదిలి వేడిని మోసుకుపోవడం. గాలి ముందు నుంచి వచ్చి, రేడియేటర్ గుండా దూరి, బండి కింది నుంచి బయటికి పోవాలి. ఈ దారిలో మనం పెట్టే అడ్డంకులు చూడండి. ముందు పెద్ద ఇనుప కమ్మీ, దాని మీద రెండు అదనపు లైట్లు, వాటి మధ్య సంఘం బోర్డు. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగితే పారేస్తారు. అది లేకపోతే ఫ్యాను రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది. బండి కింద ఉండే ప్లాస్టిక్ పళ్లెం కూడా అంతే. అది రాళ్లు తగలకుండా కాపాడటంతో పాటు గాలి సరైన దారిలో పోయేలా చూస్తుంది. మన ఊళ్లో బొగ్గు దుమ్ము, బూడిద ఏ స్థాయిలో ఉంటాయో తెలిసిందే. దానికి కొంచెం ఆయిల్ తడి తోడైతే రెక్కల మధ్య ముద్దగా గడ్డకడుతుంది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో అది దాక్కుంటుంది, ముందు నుంచి చూస్తే కనబడదు. వేసవికి ముందు ఆ సందు శుభ్రం చేయించండి. నీళ్లు తక్కువ ఒత్తిడితో, వీలైతే ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టించాలి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగి దారి ఇంకా మూసుకుపోతుంది.

మూడోది వికిరణం. దీన్నే మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం చదివే ఉంటారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 350 డిగ్రీల నుంచి 700 డిగ్రీలకు చేరితే, కెల్విన్‌లో 623 నుంచి 973కు. నాలుగో ఘాతం కట్టి చూడండి, వికిరణ వేడి రెండింతలు కాదు, దాదాపు ఆరింతలు. ఆ వేడి గాలి అవసరం లేకుండానే ఎదురుగా ఉన్న వైరు మీద, రబ్బరు గొట్టం మీద, బ్రేక్ ఆయిల్ డబ్బా మీద నేరుగా పడుతుంది. దాన్ని ఆపేది టర్బో మీద, మానిఫోల్డ్ మీద ఉండే పలుచని రేకు. ఆ రేకు కొన్నాళ్లకు బోల్టు వదులై గలగలమంటుంది. "చప్పుడొస్తుందన్నా, తీసేయ్" అంటాడు యజమాని. మెకానిక్ తీసి పక్కన పడేస్తాడు. చప్పుడు పోతుంది. ఆర్నెల్లకు పక్కనున్న వైరు తొడుగు ఎండి, పెళుసై, రాలుతుంది. అప్పుడు షార్ట్ సర్క్యూట్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఆ రేకు కోసం వెతుకుతారు. ఆ రేకు ఎంత పలుచగా ఉన్నా ఫరవాలేదు, మెరుస్తూ ఉండాలి, వేడి వస్తువుకు తగలకుండా మధ్యలో గాలి సందు ఉండాలి. వదులైతే కొత్త బోల్టు, వాషరు వేసి బిగించమనండి, తీసేయనివ్వకండి.

బండి ఆపిన తర్వాత

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న ఆయిల్ పొర దగ్గరికి వద్దాం. వేగంగా నడిపి వచ్చి టక్కున ఇంజన్ ఆపితే ఏమవుతుంది? ఆయిల్ పంపు ఇంజన్‌తోనే ఆగిపోతుంది. టర్బో చక్రం మాత్రం వందల డిగ్రీల వేడిలో ఉంది. ఆ వేడి ఇరుసు వెంట బేరింగ్ దాకా పాకుతుంది. అక్కడ కదలకుండా నిలిచిన కొద్దిపాటి ఆయిల్ మాడుతుంది. అన్నం గిన్నె అడుగున మాడు పట్టినట్టే నల్లటి బొగ్గు పొర పడుతుంది. ఒక్కరోజుకు ఏమీ కాదు. రోజూ ఇలాగే చేస్తే ఆయిల్ వచ్చే సన్నని దారి కుంచించుకుపోతుంది. ఆపైన ఒకరోజు ఇరుసుకు ఆయిల్ అందదు.

కిరాయి బండి నడిపే మన సోదరుడు ఒకరికి ఇదే జరిగింది. మంచిర్యాల వైపు పెళ్లి కిరాయి, మే నెల, బండి నిండా మనుషులు, ఏసీ పూర్తిగా పెట్టి వేగంగా లాగడం. టీ హోటల్ కనిపించగానే బ్రేకు కొట్టి, ఆ వెంటనే తాళం తిప్పేయడం ఆయన అలవాటు. ఆయిల్ మార్చాల్సిన గడువు కూడా దాటిపోయింది, సీజన్ అయ్యాక మార్పిద్దాం అనుకున్నాడు. ఆసిఫాబాద్ దాటాక ఈల వేసినట్టు చప్పుడు, పికప్ తగ్గింది, వెనక నీలం పొగ. టర్బో పోయింది. పెళ్లిళ్ల సీజన్‌లో బండి మూడు వారాలు షెడ్డులో ఉంది. బండి లోను కిస్తీ మాత్రం ఆగలేదు. ఆ మరమ్మతుకు పెట్టిన డబ్బు ఆయన కూతురు డిప్లొమా మొదటి ఏడాదికి దాచిన ఫీజు. ఆ అమ్మాయి చదువు ఆగకుండా బంధువులు సర్దారు. బండి మాట్లాడుతూ చదువుల సభలో నిలబడ్డానంటే ఇలాంటి ఇళ్లను చూసే.

చేయవలసింది కష్టమైనది కాదు. గమ్యానికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగానే నిదానంగా నడపండి. ఆగాక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. ఊళ్లో కూరగాయలకు వెళ్లి వచ్చినప్పుడు ఇది అవసరం లేదు. హైవే మీద లాగాక, ఘాట్ ఎక్కాక, నిండు బరువుతో వచ్చాక అవసరం. స్టార్ట్ చేసిన వెంటనే కూడా యాక్సిలరేటర్ తొక్కవద్దు, ఆయిల్ పైదాకా చేరనివ్వండి. ఆయిల్ గ్రేడు, మార్చే గడువు మీ పుస్తకంలో ఉన్నవే పాటించండి. మన దుమ్ముకూ ఎండకూ, గడువు కంటే కొంచెం ముందే మార్చినా నష్టం లేదు.

చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, బండి బంద్ చేసినంక గూడ ఫ్యాన్ తిరుగుతనే ఉంది, ఏమన్న ఖరాబైందా?" ఖరాబు కాలేదు తమ్ముడూ, అది దాని తెలివి. బండి ఆగాక గాలి కదలిక ఆగిపోతుంది, కాబట్టి కొన్ని నిమిషాలు బానెట్ కింద వేడి తగ్గదు సరికదా, పెరుగుతుంది. అందుకే చాలా బండ్లలో ఫ్యాను, కొన్ని పెట్రోలు టర్బో బండ్లలో చిన్న నీటి పంపు కూడా, ఇంజన్ ఆపినా కాసేపు పనిచేస్తాయి. అవి వాటంతటవే ఆగుతాయి. బ్యాటరీ వైరు పీకి ఆపవద్దు. ఇంకో జాగ్రత్త: ఇంజన్ ఆగి ఉన్నా ఆ ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు. చేతి వేళ్లు, చున్నీ, కండువా దాని దగ్గరికి పోనివ్వకండి.

కొత్త పద్ధతులు, పాత మోసాలు

యువకులు నన్ను అడిగే విషయాలు మరికొన్ని ఉన్నాయి. బానెట్ వెనక అంచును వాషర్లు వేసి పైకెత్తితే వేడి పోతుంది కదా అంటారు. ఆగి ఉన్నప్పుడు కొంత పోతుంది. కానీ వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం అడుగున గాలి పీడనం ఎక్కువ. అక్కడి నుంచి గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి తోసుకువచ్చి, రేడియేటర్ గుండా వచ్చే గాలికి అడ్డుపడవచ్చు. ఎగ్జాస్ట్ గొట్టానికి గుడ్డలా చుట్టే పట్టీ వేడిని నిజంగానే ఆపుతుంది. కానీ అది తేమను పట్టి ఉంచి గొట్టానికి తుప్పు పట్టిస్తుంది, ఆయిల్ కారి అందులో ఇంకితే మంటకు వత్తి అవుతుంది. కంప్యూటర్‌లో లెక్కలు మార్పించి శక్తి పెంచుకుంటే ఆ పెరిగిన శక్తితో పాటు వేడి కూడా పెరుగుతుంది. రేడియేటర్, ఇంటర్‌కూలర్ మాత్రం పాతవే, అదీ మే నెలలో 31 శాతం తగ్గినవి.

ఏది చేసినా ముందు కొలవండి, తర్వాత మార్చండి. గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఇప్పుడు చాలా వర్క్‌షాపుల్లో ఉంది. అది మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, కాబట్టి నల్లటి, గరుకు ఉపరితలం మీద కొలవాలి. గాలి ఉష్ణోగ్రత, సమయం, వేగం, ఏసీ ఉందా లేదా, అన్నీ రాయండి. ఒక మార్పు, ఒక కొలత. డిప్లొమా పిల్లలకు ప్రాజెక్టు పనిగా ఇంతకంటే మంచిది ఊళ్లోనే దొరకదు. మీ అధ్యాపకుల సమక్షంలో చేయండి.

దారిలో ఆపద వస్తే

ముల్లు పైకి పోతుంటే మొదట ఏసీ ఆపండి. అద్దాలు దించి హీటర్‌ను పూర్తి వేడికి, పూర్తి ఫ్యానుకు పెట్టండి. మే నెలలో హీటరా అని నవ్వకండి, అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. ముల్లు ఎరుపులోకి వెళ్లినా, ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి వచ్చినా పక్కకు తీసి ఇంజన్ ఆపండి. అప్పుడు ఒకటి రెండు నిమిషాల నియమం వర్తించదు.

రేడియేటర్ మూత వేడి మీద తీయవద్దు. లోపల పీడనం ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే పీడనం పోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగుస్తాయి. చేతులు, ముఖాలు కాల్చుకున్నవారిని నేను చూశాను. కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేతికి వేడి తగలనప్పుడు, మందపాటి గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పండి. వేడెక్కిన ఇంజన్ మీద, టర్బో మీద చల్లటి నీళ్లు కుమ్మరించవద్దు, పోత ఇనుము పగులుతుంది.

పొగ, కాలిన వాసన వస్తే ఇంజన్ ఆపి, ముందు పిల్లల్నీ పెద్దల్నీ దింపి దూరంగా పంపండి. సామాను తర్వాత. లోపల మంట ఉందనిపిస్తే బానెట్ పూర్తిగా ఎత్తవద్దు, గాలి తగిలి మంట పెరుగుతుంది. 112కు ఫోను చేయండి.

మన తాడోబా రోడ్డు గురించి ఒక మాట. వేసవిలో మొహర్లీ వైపు వెళ్లి, నీడ చూసి ఎండు గడ్డి మీద, రాలిన ఆకుల మీద బండి పెడతారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్–6 నియమాలకు తగిన డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది పట్టిన మసిని కాల్చుకునేటప్పుడు 600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అది ఉండేది బండి కిందే. ఎండు గడ్డికి అంత వేడి అక్కర్లేదు. మట్టి నేల మీదనో, రాతి నేల మీదనో ఆపండి. అడవి మన ఒక్కరిది కాదు. అలాగే ఇంట్లో రోజుల తరబడి నిలిపిన బండిలో ఎలుకలు గుడ్డ పీలికలు, గడ్డి తెచ్చి గూడు కడతాయి. తీసే ముందు బానెట్ ఎత్తి చూడండి. తుడిచిన గుడ్డ లోపల మరిచిపోవద్దు.

తల్లిదండ్రులకు, విద్యార్థులకు

పెద్దలారా, మీ పిల్లవాడో, అమ్మాయో ఐటీఐలో మోటారు మెకానిక్ చదువుతానంటే, పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానంటే "చేతులకు ఆయిలంటే చదువు ఎందుకు" అనకండి. నేను ఇప్పటిదాకా చెప్పిందాంట్లో స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం ఉంది, వాయు నియమం ఉంది, లోహశాస్త్రం ఉంది. అది తెలిసిన మెకానిక్ గలగలమనే రేకును పారేయడు. అది తెలిసిన అమ్మాయి తండ్రి బండి కిరాయికి బయలుదేరేముందు ఏం చూడాలో చెప్పగలదు.

టర్బోలు పోయి బ్యాటరీ బండ్లు వస్తున్నాయి కదా, ఈ విద్య రేపు పనికొస్తుందా అని కొందరికి సందేహం రావచ్చు. 2022 వేసవిలో మన దేశంలో కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లు మంటల్లో చిక్కుకున్నాయి. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్–156 ప్రమాణాన్ని కఠినతరం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది. ఒక సెల్‌లో పుట్టిన వేడి పక్క సెల్‌కు పాకి బ్యాటరీ మొత్తాన్ని అంటుకోకుండా చూడటం అందులో ముఖ్యమైన అంశం. అంటే ఇంజన్ మారినా వేడికి దారి చూపించే పని మిగిలే ఉంది. 47 డిగ్రీల ఎండలో పెరిగిన మన పిల్లల కంటే ఆ పని అవసరం బాగా ఎరిగినవారు ఎవరుంటారు?

ఈ రోజు వేతనం అందుకున్న పిల్లలకు ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ బండి ఉంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాక పెద్దల తోడుతో బానెట్ ఎత్తి నాలుగు చూడండి: కూలెంట్ గీతల మధ్య ఉందా, టర్బో మీద రేకు గట్టిగా ఉందా, గొట్టాలు వైర్లు వేడి భాగానికి తగులుతున్నాయా, రేడియేటర్ ముందు దుమ్ము ఎంత ఉంది. చూసింది తేదీ వేసి రాసుకోండి. నెలకోసారి చేయండి. తేడా మీకే కనిపిస్తుంది.